ఎవరి ఏడుపు

"రేపన్న ఏడ్వే అమ్మా. నీ కాళ్ళు మొక్కుత. రేపొక్కనాడు ఏడ్వు."

సాయికిరణ్ చేతిలోని ఫోనును చాప మీదికి విసిరేశాడు.

సమ్మమ్మ తలెత్తలేదు. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని కూర్చుంది. మొగుడు ఎల్లస్వామి పోయిన దగ్గరినుంచీ ఆమె చోటు అదే. తెల్లారితే ఆయన కర్మ చేసే పెద్దదినం.

చాప మీద ఫోనులో వీడియో నడుస్తూనే ఉంది. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన. ఒకదాంట్లో సమ్మమ్మ, తను వేషం వేసిన సినిమాలో, మొగుడి శవం పక్కన కూలబడి గుండె పగిలేలా ఏడుస్తోంది. రెండోదాంట్లో అదే సమ్మమ్మ, ఈ వాకిట్లోనే, ఎల్లస్వామి పాడె పక్కన పొడికళ్ళతో నిలబడి ఉంది. కింద ఎవరో రాశారు: "కెమెరా పెడితేనే ఏడుస్తది."

ఎవడు తీశాడో, ఎవడు అతికించాడో తెలియదు. అది కాశిబుగ్గ గల్లీలన్నీ తిరిగి, సమ్మమ్మ పనిచేసిన మిర్చి యార్డుకు పోయి, సాయికిరణ్ కొలువు చేసే బట్టల దుకాణం దాకా వచ్చింది.

"సేటు నన్ను చూసి మొకం తిప్పుకుంటాండు. గిరాకీలు చీరలు చూసుడు ఇడిసిపెట్టి నన్ను చూస్తాండ్రు. గా సినిమా ఆమె కొడుకు ఈడేనట అని చెవులు కొరుక్కుంటాండ్రు. ఇజ్జత్ పోయిందే అమ్మా."

"నేనేం జెయ్యాల్రా?"

"మొగడు సచ్చిన ఆడోళ్ళు ఏం చేస్తరో గదే చెయ్యి."

"రాని ఏడుపు యాడికెల్లి తేవాలె?"

"సినిమాకు యాడికెల్లి తెచ్చినవ్? గాళ్ళు స్టార్ట్ అనంగనే వచ్చింది గద! మా బాపు కోసం రాదా?"

వంటింట్లో స్టవ్ ఆగింది. సాయికిరణ్ భార్య రమ్య గడపలోకి వచ్చి నిలబడింది.

సమ్మమ్మ అలా ముడుచుకునే కూర్చోవడం సాయికిరణ్‌కు భరించలేనిదైంది.

"యాకమ్మత్త రేపు రానంటాంది. ఎర్కేనా? 'నా తమ్మునికి కన్నీటి బొట్టు రాల్చని ఇంట్ల నేను నీళ్ళు ముట్ట' అన్నదట. బాపుకు ఒక్కతే అక్క. ఆమె రాకుంటె కులపోళ్ళొక్కరు ఇస్తరి ముంగట కూసోరు. పొయ్యి ఆమెను తీస్కస్త. రాంగనే కాళ్ళు పట్టుకో. రేపు ఏడుస్తనని చెప్పు."

చెప్పులేసుకుని విసురుగా బయటికి పోయాడు. యాకమ్మ ఉండే ధర్మసాగర్ పోయి వచ్చేసరికి పొద్దు వాలుతుంది.

రమ్య వచ్చి చాప మీది ఫోను తీసి, ఆ బొమ్మలను ఆపేసింది.

"ఆయన మాటలు మనసుకు తీస్కోకుండ్రి అత్తమ్మా. పరేషాన్ల ఉన్నడు."

"ఆడు అడిగినదాంట్ల తప్పేమున్నది బిడ్డా?" అంది సమ్మమ్మ. "నేను సుత నన్ను గదే అడుగుతాన్న."

*

అన్నాల వేళకు మొగిలమ్మ వచ్చింది.

సమ్మమ్మ పెళ్ళయి కాశిబుగ్గకు వచ్చిన నాటినుంచీ మొగిలమ్మ ఆమెకు జోడీ. మిర్చి యార్డులో ఒకే కుప్ప ముందు కూర్చుని, ముక్కులకు గుడ్డలు కట్టుకుని కాయలు ఏరేవాళ్ళు. మంచి కాయ ఒక వైపు, తెల్లబడిపోయిన తాలుకాయ ఇంకో వైపు. యార్డు బందైన రోజున ఇద్దరూ మ్యాటినీకి పోయేవాళ్ళు. మొగిలమ్మకు సినిమా అంటే పిచ్చి. తెర మీద ఎవరి కళ్ళు చెమ్మగిల్లినా ఈమె కొంగు తడిసేది. సమ్మమ్మ మాత్రం రెప్ప వెయ్యకుండా చూసేది. ఆట విడిచాక సోడా తాగుతూ నెమ్మదిగా అనేది: "ఆ తల్లి ఏషం ఆమె ఏడ్చింది నిజంగనే ఏడ్చింది. చెల్లె ఏషం ఆమెది తాలు."

"నువ్వు సినిమా చూసినట్టు లేదే, మిర్చి ఏరినట్టున్నది" అని మొగిలమ్మ నవ్వేది.

ఆ తర్వాత ఒక డైరెక్టర్ పిలగాడు యార్డుకు వచ్చాడు. ముసలి పెండ్లాం వేషానికి కొత్త మనిషి కావాలన్నాడు. మొగిలమ్మ ముందుకు పోయి చూసిన సినిమాల మాటలన్నీ ఒప్పజెప్పింది. అతను నవ్వుతూ విన్నాడు. చివరికి, కుప్ప దగ్గర నుంచి లేవకుండా తననే చూస్తున్న సమ్మమ్మను తీసుకున్నాడు.

సినిమా టాకీసుకు వచ్చేసరికి ఎల్లస్వామి దవాఖానలో ఉన్నాడు. ఊపిరి ఆడని మనిషిని విడిచి సమ్మమ్మ ఎక్కడికీ పోలేదు. మొగిలమ్మ ఒక్కతే పోయి, మళ్ళీ మళ్ళీ చూసి వచ్చింది.

ఇప్పుడు మొగిలమ్మ చాప మీద కూర్చుని స్నేహితురాలి మోకాలి మీద చెయ్యి వేసింది.

"సాయిగాడు పొద్దుగాల దారిల కనపడ్డడు. అంత చెప్పిండు. నాకన్న నిజం చెప్పు చెల్లె. ఎల్లస్వామి అంటె నీకు పాణం. ఆయన కాళ్ళకు సబ్బు రుద్దుకుంట కూసున్నది నేను చూసిన. మరెందుకు వస్తలేదు?"

సమ్మమ్మ ఫోను వైపు చూసింది.

"అక్కా, నాకా సినిమా చూపియ్యవా?"

మొగిలమ్మ ఉలిక్కిపడింది. "సావు ఇంట్ల సినిమానా? ఎవ్వరన్న ఇంటె..."

"నేనేం చేసిన్నో నేను చూడలే. అందరు చూసిండ్రు."

రమ్య వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసింది. లోపలి గదిలో ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టింది. సౌండు బాగా తగ్గించింది. తనూ వాళ్ళ వెనక కూర్చుంది.

సినిమా నడిచింది. ఒక ముసలి జంట, ఒక గుడిసె, బీడు పడిన చెలక. తెర మీద సమ్మమ్మ పొయ్యి ఊదింది, మేకను తిట్టింది, మొగుడి మీద అలిగింది. ఆమె మాట్లాడిన మొదటి మాటకే మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూడు, చూడు. ఆ కూసునుడు చూడు. నన్ను తీస్కోనందుకు చాన రోజులు మనసుల పెట్టుకున్న చెల్లె. నీకు చెప్పలే. ముందలికి పోయిందేమో నేను, పిలిచిందేమో నిన్ను. టాకీసుల ఇది చూసినంక మనసుల ఉన్నది పోయింది. ఇది నాతోని కాదు. దేవుడిచ్చిన కళ ఇది."

"దేవుడిచ్చిందైతె నా మొగడు సచ్చిన్నాడు ఎందుకు గుంజుకున్నడు?"

తెర మీద ముసలాయన చచ్చిపోయాడు.

సమ్మమ్మ ముందుకు వంగింది.

తెరలో ఆమె మొదట ఏడవలేదు. శవం చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది. "అన్నం తినకుంటనే పోతివా" అంది, మామూలు గొంతుతో. "చెప్పులన్న ఏసుకోకపోతివి." అప్పుడు ఎక్కడో కడుపులోంచి కేక లేచింది. అరచేత్తో నేలను కొట్టింది. మట్టి అంటిన ఆ చేతిని కొంగుకు శుభ్రంగా తుడుచుకుంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తుడుచుకుంది.

రమ్య వెక్కుతోంది. మొగిలమ్మ మాత్రం ఏడుపు ఆపి తెర వైపే చూస్తోంది. ఆమె మొహం మారిపోయింది.

"ఎనకకు పోనియ్యి బిడ్డా. ఆ చెయ్యి తుడుచుకునే కాడికి."

రమ్య మళ్ళీ పెట్టింది.

"టాకీసుల నాకు కండ్లనిండ నీళ్ళే, సక్కగ చూడలే" అంది మొగిలమ్మ మెల్లగా. "సమ్మా, ఇది యాకమ్మ గద. ఓదెలు సచ్చిన్నాడు యాకమ్మ ఏడ్చిన ఏడుపు గద ఇది."

సమ్మమ్మ కళ్ళు మూసుకుంది.

ఓదెలు యాకమ్మకు ఒక్కగానొక్క కొడుకు. పొలం కాడ మోటారు పెట్టబోయి కరెంటు షాకుతో పోయాడు. పెళ్ళి కూడా కాలేదు. శవం ఇంటికి వచ్చినప్పుడు యాకమ్మను వెనకనుంచి రెండు చేతులా పట్టుకుని కూర్చున్నది సమ్మమ్మే.

"డైరెక్టర్ ఏం చెప్పలే అక్కా" అంది. "నీకెట్ల వస్తె అట్ల చెయ్యవ్వా అన్నడు. నేను కూసున్న. చెయ్యి దానంతటదే లేచింది. ఆ మాటలు వాటంతటవే వచ్చినయ్. అయిపోయినంక గాని నాకు తెల్వలే, ఎవరియో."

"అంటె ఆనాడు, ఆమెను పట్టుకోని..."

"నేను సుత ఏడ్చిన. ఓదెలుగాడు నా సంకల పెరిగినోడు. ఏడుస్తనే ఉన్న. కండ్లు మాత్రం చూస్తనే ఉన్నయ్. నేను చూడుమనలే అక్కా. వాటికి అలవాటు."

మొగిలమ్మ చెయ్యి మెల్లగా సమ్మమ్మ మోకాలి మీదినుంచి జారింది.

"మరి ఎల్లస్వామికి?"

"ఆయన పాణం పోయినప్పుడు లోపట్నించి వచ్చింది. మస్తుగ వచ్చింది. నోరు తెరిచిన. వచ్చేది గదే మాట. 'అన్నం తినకుంటనే పోతివా.' చెయ్యి గట్లనే లేచింది. నా మొగనికి ఏడుద్దమంటె ఓదెలు ఏడుపు వస్తాంది. దినామూ వస్తాంది. నోరు మూసుకుంటాన్న. నాదేందో నాకు దొరుకుతలేదు."

రమ్య ఫోనును బోర్లా పెట్టింది.

"నీదేందో నీకు దొరకకపోతె, నాది తీస్కపోతివా?"

ముగ్గురూ గిరుక్కున తిరిగారు.

తలుపు దగ్గర యాకమ్మ నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, బోడి నుదురు, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఆమె వెనక సాయికిరణ్. ఎంతసేపటినుంచి ఉన్నారో తెలియదు.

*

"వదినె..." సమ్మమ్మ లేవబోయింది.

"కూసో. గది నాకు చూపియ్యి."

"వద్దత్తా" అన్నాడు సాయికిరణ్. "గిదంత వద్దు. నువ్వు నీళ్ళు తాగు."

"నేను నీళ్ళు తాగనీకి రాలే. చూపియ్యే రమ్యా."

రమ్య సమ్మమ్మ వైపు చూసింది. సమ్మమ్మ తలూపింది.

యాకమ్మ కింద కూర్చోలేదు. ఫోను చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఇంత వరకు ఆమె ఆ సినిమా చూడలేదు. గుండీ పెట్టడం చూసింది. మాటలు విన్నది. చెయ్యి తుడుచుకోవడం చూసింది. ఆమె పెదవులు తెరతో పాటే కదిలాయి.

అయిపోయింది.

"నేను గిట్ల ఏడ్చిన్నా?"

యాకమ్మ ఫోనును కళ్ళ ముందు నుంచి దించింది.

"నాకు ఆనాటిది ఒక్కటి సుత యాదికి లేదు. ఓదెలు మొకం సుత యాదికి లేదు. శవాన్ని లేపిన్నాడు ఏ అంగి ఏసుకున్నడో ఎర్కలే. గుండీ పెట్టిన్నా నేను?"

"పెట్టినవ్ వదినె. పైనుంచి రెండోది."

యాకమ్మ మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చూసింది. ఫోనును రమ్యకు ఇచ్చేసి మొగిలమ్మ వైపు తిరిగింది.

"ఇది చూసి టాకీసుల మంది సప్పట్లు కొట్టిండ్రా?"

"లేదక్కా. ఏడ్చిండ్రు. అందరు ఏడ్చిండ్రు."

"ఎవరి కోసం?"

మొగిలమ్మ తలదించుకుంది.

"నన్ను పట్టుకోని కూసున్నవనుకున్ననే" అంది యాకమ్మ సమ్మమ్మతో. కేకలు వెయ్యలేదు. సమ్మమ్మ ఏడవలేదని ఎల్లస్వామి పాడె పక్కన నలుగురూ వినేటట్టు శాపనార్థాలు పెట్టిన మనిషి ఇప్పుడు గొంతు పెంచనే లేదు. "ఇన్నేండ్ల సంది గదే అనుకున్న. ఆనాడు నాకు తోడు నా మరదలున్నది అని. పట్టుకున్నవా? చూసినవా?"

"రెండు, వదినె."

"రెండెట్ల కుదురుతయే?"

"నాకు తెల్వది. నాకు గట్లనే కుదిరినయ్."

సాయికిరణ్ మధ్యలోకి వచ్చాడు. "అయిందేదో అయిందత్తా. సినిమా ఇడిసిపెట్టు. రేపు అమ్మ ఏడుస్తది. అందరి ముంగట ఏడుస్తది. నేను ఒప్పిస్త. నువ్వు జర నిలబడు, అంతే."

యాకమ్మ మేనల్లుడి మొహంలోకి చూసింది.

"రేపు ఈమె ఏడ్వద్దు."

"ఏంది?"

"ఈమె నోరు తెరిచిందంటె అది నా కొడుకు సావు. నా తమ్ముని పేరు మీద నా కొడుకును రెండోసారి పండవెడ్తవారా? ఒకసారి మంది చూసిండ్రు, చాలు." సంచి కింద పెట్టింది. "నేనొస్త. నా తమ్మునికి నేనేడుస్త. ఈమె గాజులు సుత నేనే తీస్త. ఈమె మాత్రం సప్పుడు చెయ్యొద్దు."

"మరి మంది ఏమంటరత్తా? నా ఇజ్జత్..."

"నీ ఇజ్జత్ కోసం నీ అవ్వను ఏడ్వమంటవు. ఈమె ఆ సినిమా తీసిన పిలగాని కోసం ఏడ్చింది. మీ ఇద్దరికి ఫరకేమున్నదిరా?"

సాయికిరణ్ బయటికి పోయి వాకిట్లో కూలబడ్డాడు.

మొగిలమ్మ లేచి చీర దులుపుకుంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"సమ్మా, ఒక్కటడుగుత. నా మొగడు పోయిన్నాడు నువ్వు నా పక్కనే ఉంటివి."

"ఉన్న."

"నన్ను సుత..."

సమ్మమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. మొగిలమ్మ వెళ్ళిపోయింది.

*

పొద్దున్నే ఇంటి ముందు షామియానా వేశారు. గల్లీ మొదట్లోనే వంటలు మొదలయ్యాయి. ధర్మసాగర్ నుంచి, పాలంపేట నుంచి చుట్టాలు దిగారు. ఎల్లస్వామితో యార్డులో బస్తాలు మోసిన హమాలీలంతా ఒక వైపు కూర్చున్నారు. వచ్చిన వాళ్ళెవరూ బయటికి ఏమీ అనలేదు. కానీ సమ్మమ్మను బయటికి తెచ్చేసరికి అక్కడక్కడ చేతులు లేచాయి. ఆ చేతుల్లో ఫోన్లు.

ముత్తయిదువలు సమ్మమ్మకు ఆఖరిసారి పసుపు రాశారు, పెద్ద బొట్టు పెట్టారు, రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు తొడిగారు. పీట మీద కూర్చోబెట్టి పక్కకు తప్పుకున్నారు. ఇక మిగిలింది భర్తలు లేని ఆడవాళ్ళ పని. వాళ్ళలో యాకమ్మ పెద్దది.

యాకమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. సమ్మమ్మ కుడి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

మొగిలమ్మ కూడా వచ్చింది. కానీ ఎప్పటిలా పక్కన కూర్చోలేదు. షామియానా గుంజ దగ్గర, సమ్మమ్మ చూపు తగలనంత దూరంగా నిలబడింది.

యాకమ్మ రాయి ఎత్తింది. మొదటి గాజు పగిలింది.

"ఓ తమ్ముడా..."

ఆ కేకకు హమాలీలు తలలు వంచుకున్నారు. ఆడవాళ్ళ కొంగులు కళ్ళ మీదికి పోయాయి. సాయికిరణ్ ఊపిరి పీల్చుకున్నాడు. మేనత్త మాట నిలబెట్టుకుంది.

కుడి చేతి గాజులన్నీ పోయాయి. యాకమ్మ మళ్ళీ నోరు తెరిచింది.

"ఓ తమ్ముడా... అన్నం తిన..."

మాట తెగింది.

జనం ఎదురు చూశారు. దుఃఖంతో గొంతు పూడిందనుకున్నారు. యాకమ్మ ఇంకోసారి ప్రయత్నించింది. గొంతు వచ్చింది. తన చెవులకే అది ఎక్కడో విన్నట్టుగా ఉంది. నిన్న ఆ చిన్న తెరలో విన్నట్టే ఉంది. ఆమె తన ఏడుపును తనే బయట నిలబడి వింటోంది. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో ముందే తెలిసిపోతోంది.

ఆగిపోయింది.

వంటల దగ్గర గరిటె చప్పుడు వినిపించింది. ఎవరో ఆడమనిషి "ఏమైందే?" అని గుసగుసలాడింది.

యాకమ్మ సమ్మమ్మ మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. బెదురు ఉంది.

"ఏం జేసినవే నన్ను?" అంది, ఇద్దరికే వినపడేలా. "వస్తలేదు. లోపట ఉన్నది. నోట్లకు రాంగనే నీదైతాంది."

సమ్మమ్మ పెదవి కదిపింది. ఏడవొద్దన్న మాట గుర్తొచ్చి, నోరు తెరిస్తే ఏమొస్తుందోనని మళ్ళీ బిగించింది. చివరికి ఊపిరితో అంది:

"నాకు సుత గిట్లనే ఉన్నది వదినె. ఆయన పోయిన్నాటి సంది గిట్లనే ఉన్నది."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పొడికళ్ళతో, ఎదురెదురుగా కూర్చున్నారు. చుట్టూ ఫోన్లు ఇంకాస్త పైకి లేచాయి.

"కానియ్యుండ్రమ్మా, ఎండెక్కుతాంది" అన్నాడు కులపెద్ద.

సాయికిరణ్ ఒక అడుగు ముందుకేశాడు. "అత్తా... ఏడువత్తా!"

యాకమ్మ వాడి వైపు చూడలేదు. రాయిని పీట పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. జనం దారి ఇచ్చారు. చెప్పులు వెతుక్కోకుండానే షామియానా దాటి, గల్లీలోకి నడిచి వెళ్ళిపోయింది.

పీట మీద సమ్మమ్మ ఒక్కతే మిగిలింది. కుడి చెయ్యి బోసిగా ఉంది. ఎడమ చేతి నిండా పచ్చని గాజులు అలాగే ఉన్నాయి. వాటిని ముట్టుకోవడానికి అంత మందిలో ఒక్కరూ ముందుకు రాలేదు.